గుళ్లో చదవని పేరు

పెళ్లికి హాలు మాట్లాడటానికి వెళ్తే ఝాన్సీ ముందు స్టేజీ వంక చూడదు. నేరుగా వెనక్కి వెళ్లి బాత్రూములు చూస్తుంది. కుళాయి తిప్పి నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయో చూస్తుంది. తర్వాత వంటశాల, ఆ తర్వాత వంటశాల నుంచి భోజనాల బల్లల దాకా ఉన్న దారి. "దారిలో మెట్లుంటే వద్దండీ. కూర బకెట్టు పట్టుకుని మనిషి మెట్లు దిగాడంటే ఎవరో ఒకరి ఒళ్లో పోసినట్టే," అంటుంది. ఇదంతా అయ్యాక స్టేజీని ఓసారి అలా చూసి, "అదెలా ఉన్నా పూలతో కప్పేస్తారులే," అని బయటికొచ్చేస్తుంది.

ఆవిడ బందరు కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు. పెళ్లిళ్లు చేయించడం ఆవిడ వృత్తి కాదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. కానీ చుట్టాల్లో, చర్చి సంఘంలో, ఆఫీసులో ఎవరింట పెళ్లి కుదిరినా ముందు వచ్చే మాట "ఝాన్సీగారిని ఓసారి అడగండి" అనే. మగపెళ్లివారి బస్సు బయల్దేరిందన్న పెద్దమనుషుల మాట నమ్మకూడదని, డ్రైవరుతోనే మాట్లాడాలని ఆవిడ చెబుతుంది. పెళ్లికూతురు ఏమన్నా తిన్నదో లేదో చూడటానికి ఒక మనిషిని పెట్టాలని, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదని చెబుతుంది. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒకటుంది. "పెళ్లంటే ఒక పూట భోజనాలు కాదమ్మా. మర్నాటి నుంచి ఎవరు ఎక్కడుంటారు, పిల్ల ఉద్యోగం మానాలా వద్దా, ముసలివాళ్లని ఎవరు చూస్తారు, ఇవన్నీ ముందు తేల్చుకోండి. తర్వాత శుభలేఖలు." విన్నవాళ్లు తలూపుతారు. వెళ్లి శుభలేఖలు అచ్చేయిస్తారు.

ఝాన్సీకి కోపం ఎక్కువ. అది అందరికీ తెలిసిందే. పందిట్లో ఆవిడ గొంతు లేచిందంటే వంటవాళ్లు, మైకువాడు, పెళ్లికొడుకు మేనమామ, అందరూ సర్దుకుని నిలబడతారు. ఆ కోపం పెళ్లిసామానులో ఒకటన్నట్టు వాడుకున్నారు గానీ, ఆవిడకి సొంత కోపాలు కూడా ఉంటాయేమోనని ఎవరూ అనుకోలేదు.

వాళ్ల ఊరు దివిసీమలో, అవనిగడ్డకి అవతల. నాన్న జకరయ్య మిషను స్కూల్లో మాస్టారు. ఉప్పెన వచ్చిన రాత్రి ఏడాది పిల్ల ఝాన్సీని భుజాన కట్టుకుని తాటిచెట్టు పట్టుకుని బతికి బయటపడ్డ మనిషి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన దేనికైనా ముందే సిద్ధపడి ఉండేవాడు. వానాకాలానికి ముందే బియ్యం అటక మీదికి చేరేవి. సర్టిఫికెట్లు డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పోసేవాడు. కొడుకు శామ్యూల్ రాజ్ ఏ కాలేజీలో చేరాలో వాడు ఏడో తరగతిలో ఉండగానే తేల్చేశాడు. కూతురి పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం "తమ్ముడి చదువు పూర్తి కానీ" అన్నాడు. ఆ చదువు పూర్తి కాకుండానే ఆయన పోయాడు. తర్వాత ఝాన్సీకి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది, తల్లి దేవమ్మని తీసుకుని బందరు చేరింది. తమ్ముడికి గుడివాడలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది, వాడి పెళ్లి ఈవిడే చేసింది. ఆ తర్వాత ఇంకొకరిది, ఇంకొకరిది. ఆమెకి పెళ్లి వద్దని ఎవరూ అనలేదు. ఎప్పుడని కూడా ఎవరూ అనలేదు.

నలభై తొమ్మిదో ఏట ఆవిడ గుడివాడలో బాబాయి మనవరాలి పెళ్లి చేయిస్తుంటే మగపెళ్లివారి బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. గేటు దగ్గరే నిలదీసింది.

"ఏమండీ, మీ ఇళ్లల్లో గడియారాలు లేవా?"

బస్సు దిగినవాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ఒకాయన మాత్రం ముందుకొచ్చాడు. "ఉన్నాయండీ. చూసేవాళ్లే లేరు. తప్పు మాదే. ఇప్పుడు ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను."

ఆలస్యంగా వచ్చిన మగపెళ్లివారు ఆ మాటనడం ఝాన్సీ ఎన్నడూ వినలేదు. భోజనాల దగ్గర మంచినీళ్లు అందించమంది. ఆయన చొక్కా చేతులు మడిచి చివరి పంక్తి దాకా నీళ్లు పోశాడు. పేరు జీవన్ కుమార్. కృత్తివెన్నులో రొయ్యల మేత దుకాణం. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఆ తర్వాత దుకాణం కరెంటు మీటరు గురించి ఫోన్ చేశాడు. ఇంకోసారి చేసినప్పుడు మీటరు ఊసే లేదు. కొన్ని నెలలు గడిచాక ఓ రోజు, "మీరోసారి కృత్తివెన్ను రావాలండీ. మా ఇంట్లో బాత్రూము బాగుందో లేదో చూసి చెప్పాలి," అన్నాడు. ఝాన్సీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చాలాసేపు నవ్వింది.

ఊరందరికీ చెప్పిన మాటని తన విషయంలో ఆవిడ అక్షరాలా పాటించింది. ఇద్దరూ కూర్చుని అన్నీ మాట్లాడుకున్నారు. తను ఉద్యోగం మానదు, బస్సులో వచ్చి వెళ్తుంది. అమ్మ తనతోనే ఉంటుంది, కింది గది ఆవిడది, ఆ గది గుమ్మం ఎత్తు తగ్గించాలి. జీవన్ కుమార్ వారం తిరక్కుండానే మేస్త్రిని పిలిచి గుమ్మం కొట్టించాడు. ఈస్టరుకి ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో గుళ్లో పెళ్లిళ్లు చెయ్యరు కాబట్టి అవి మొదలయ్యే ముందు వారంలో తేదీ పెట్టుకున్నారు. ఇదంతా తేలాకే ఇంట్లో చెప్పింది.

దేవమ్మ అంతా వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటే సంతోషం అనుకుంది ఝాన్సీ.

తమ్ముడు, మరదలు కుమారి ఆదివారం మధ్యాహ్నం గుడివాడ నుంచి కారులో వచ్చారు. భోజనాలయ్యాక శామ్యూల్ రాజ్ గొంతు సవరించుకున్నాడు.

"మంచిదే అక్కా, కాదనను. కాకపోతే సింపుల్‌గా కానిచ్చేద్దాం. పాస్టరుగారింట్లో మన పదిమందిమి కూర్చుని ప్రార్థన చేయించుకుని, భోంచేసి వచ్చేద్దాం."

"ఎందుకు?"

"ఎందుకేంటక్కా, ఈ వయసులో..."

"ఈ వయసులో? చెప్పు. మధ్యలో మింగకు."

వాడు గోడ వంక చూశాడు. కుమారి అందుకుంది. "అది కాదు వదినా. ప్రీతికి సంబంధాలు చూస్తున్నాం కదా. వచ్చేవాళ్లు ఏమనుకుంటారో అని మీ తమ్ముడి భయం. తెల్లచీర, ముసుగు, కారుకి పూలు, ఇవన్నీ అంటే నలుగురూ నవ్వరా?"

"మేనత్తకి పెళ్లయితే మేనకోడలికి మచ్చొస్తుందా కుమారీ? నీ పెళ్లికి నువ్వు అడిగావని రాత్రికి రాత్రి ఏలూరు నుంచి తెల్ల గులాబీలు తెప్పించాను. అప్పుడు నలుగురూ నవ్వారా?"

"అప్పుడు నా వయసు వేరు వదినా."

"పూలు అవే కదా!"

ఆ రోజు మొదలు ఫోన్లు. ఆవిడ చేతుల మీదుగా పెళ్లి చేసుకున్న వాళ్లే ఒక్కొక్కరూ చేశారు. అందరిదీ ఒకే మాట, సింపుల్‌గా. హాలెందుకు అక్కా, సింపుల్‌గా. బిర్యానీ ఎందుకు పిన్నీ, కాఫీ టిఫిన్లతో సింపుల్‌గా. తన పెళ్లిలో రొయ్యల ఇగురు చాల్లేదని స్టేజీ మీద అలిగి కూర్చున్నవాడు కూడా సింపుల్ గురించి చెప్పాడు. సలహాలు చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి మొదటిసారి సలహాలు వింది. విన్న కొద్దీ ఒళ్లు మండింది. వీళ్లకి తన పెళ్లి ఇష్టం లేకపోవడం కాదు. పెళ్లి జరగాలి, కానీ కనపడకూడదు. చాటున జరిగే పనిలా ఉండాలి. తనేమన్నా దొంగతనం చేస్తోందా?

పట్టుబట్టి హాలు మాట్లాడింది. వంటవాళ్లకి చెప్పింది. తెల్ల పట్టుచీర తీసింది.

వాళ్ల సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి కుమారుడు వివాహము చేసుకొనగోరుచున్నారు, ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన, అని. చిన్నప్పటి నుంచీ ఝాన్సీ ఆ మాటలు కొన్ని వందల పేర్లతో విన్నది. తను చేయించిన పెళ్లిళ్లకి పాస్టరుగారి దగ్గరికి వెళ్లి పేర్లు తప్పుల్లేకుండా రాసిచ్చి వచ్చేది కూడా తనే. తన పేరు రాసిచ్చిన రోజు మాత్రం పెన్ను పట్టుకుని ఒక నిమిషం అలా ఉండిపోయింది.

మొదటి ఆదివారం ఆవిడ ముందు వరసలో కూర్చుంది. దేవమ్మ మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థనయింది, పాస్టరుగారు ప్రకటనల దగ్గరికి వచ్చారు. స్త్రీల కూటం బుధవారం. సండే స్కూలు పిల్లలకి పోటీలు. వివాహ ప్రకటన. చిలకలపూడి అబ్బాయి, పెడన అమ్మాయి. ఇది రెండవ ప్రకటన. ఝాన్సీ చీర కొంగు సర్దుకుంది. పాస్టరుగారు కాగితం మడిచి బైబిల్లో పెట్టి, "కానుకలు ఎత్తే సమయం. పాట పాడుదాం," అన్నారు.

అందరూ లేచి నిలబడ్డారు. ఝాన్సీ లేవలేదు. కానుకల సంచీ ముందుకొస్తే పక్కావిడకి అందించింది గానీ, చేతిలో నోటు చేతిలోనే నలిగిపోయింది.

ఆరాధన ముగియగానే పాస్టరుగారి గదికి వెళ్లింది. ఆయన చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నా పేరు ఎందుకు చదవలేదయ్యగారూ?"

"మీ ఇంట్లోవాళ్లే వద్దన్నారమ్మా. ప్రకటన లేకుండా చేసుకుంటారని చెప్పారు. మీకు తెలిసే అనుకున్నాను."

"ఎవరన్నారు?"

"అది మీరూ మీరూ మాట్లాడుకోండమ్మా. తేదీకి ఏ ఇబ్బందీ లేదు, నేను పైనుంచి ప్రత్యేక అనుమతి తెప్పిస్తాను. అదే రోజు చేసుకోవచ్చు. ప్రకటన ఒక్కటే ఉండదు."

"రాసిచ్చింది నేను. వద్దంటే నేనే అనాలి. నన్నడగకుండా నా పేరు మీరు ఎలా తీసేశారు?"

ఆయన చేతులు జోడించాడు. తప్పయిందమ్మా అన్నాడు. ఝాన్సీ గుమ్మం దాటి చెప్పులేసుకుంటుండగా ఫోన్ మోగింది. జీవన్ కుమార్. "మా గుళ్లో చదివేశారండీ! మా పక్క బెంచీవాళ్లంతా చప్పట్లు కొట్టబోయారు. మీ దగ్గర?" అన్నాడు సంబరంగా. ఝాన్సీ ఫోన్ కట్టేసింది.

ఇంటికి పోలేదు. బస్టాండుకి వెళ్లి గుడివాడ బస్సెక్కింది. తమ్ముడే. ఇంకెవరికుంది ఆ అవసరం? పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటిన కొద్దీ అనాల్సిన మాటలు పోగేసుకుంది. వాడి కాలేజీ ఫీజు తను కట్టిన రోజుల నుంచి మొదలుపెట్టి, ఆ కట్టిన మాట ఎత్తకూడదనుకుని, వేరే చోట నుంచి మొదలుపెట్టింది.

శామ్యూల్ రాజ్ అన్నం తింటున్నాడు. గుమ్మంలో అక్కని చూసి, "రా అక్కా, కూర్చో, భోంచేద్దువుగాని," అన్నాడు.

"పాస్టరుగారికి ఫోన్ చేసి నా పేరు చదవద్దన్నావా?"

"నేనా?"

"నీ పరువు కోసం నా పేరు కొట్టేయించావు కదరా! ఉన్న ఒక్క తోబుట్టువుని, నీకు పేలు దువ్వినదాన్ని, నా పేరు నీకు అంత సిగ్గయిపోయిందా?"

వాడు చెయ్యి కడుక్కున్నాడు. ముఖం ఎర్రబడింది. "అక్కా, బైబిలు మీద చెయ్యేసి చెప్తాను, నేను కాదు. చెయ్యాలనిపించింది. అబద్ధం ఎందుకు? రెండుమూడు సార్లు ఫోన్ తీశాను కూడా. కానీ చెయ్యలేదు."

"నువ్వు కాకపోతే ఎవరు?"

కుమారి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. కాసేపు మొగుడి ముఖం చూసి, "అత్తయ్యగారు మొన్న ఫోన్ చేసి పాస్టరుగారి నంబరు అడిగారు వదినా. ప్రార్థన చేయించుకోవడానికేమో అనుకున్నాను," అంది.

ఝాన్సీ మంచినీళ్లయినా తాగకుండా వెనుదిరిగింది. శామ్యూల్ రాజ్ కారులో దింపుతానని వెంటపడ్డాడు. "చెయ్యాలనిపించిందన్నావే, అది చాలు. నీ కారు నాకొద్దు," అని బస్టాండుకి నడిచింది.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. దేవమ్మ వరండాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కూతురి అడుగుల చప్పుడుకే ఆవిడకి సంగతి తెలిసిపోయినట్టుంది. తలెత్తలేదు.

"ఎందుకు చేశావమ్మా?"

చిక్కుడుకాయ ఒకటి తుంచి గిన్నెలో వేసింది దేవమ్మ.

"నిన్నే! నోరు లేదా? నా పెళ్లి నీకిష్టం లేకపోతే నాతో చెప్పు. గుళ్లో నా పేరు తీసెయ్యడానికి నువ్వెవరు?"

"ఇష్టం లేకేం," అంది దేవమ్మ మెల్లగా. "ఇష్టమే. చేసుకో. ఆ అబ్బాయి మంచివాడు. కానీ గుళ్లో చదివితే అందరూ నా ముఖం వంక చూస్తారే. ఇన్నేళ్లూ ఏం చేశావు దేవమ్మా, పిల్ల జుట్టు నెరిసేదాకా ఎందుకుంచావు అంటారు. నేనేం చెప్పను?"

"నాన్న పోయాడని చెప్పు. కుదరలేదని చెప్పు."

"కుదరకేం." దేవమ్మ చేతులాగాయి. "కుదిరేవే. మీ నాన్న పోయిన మరుసటేడు పెడన నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పోస్టాఫీసులో ఉద్యోగం. ఆ పైన అవనిగడ్డ వాళ్లు రెండుసార్లు మనుషుల్ని పంపారు. నీకు చెప్పలేదు. మా అమ్మాయికి ఇప్పుడే చేసే ఆలోచన లేదని నేనే పంపేశాను. తమ్ముడు చదువుకి వెళ్లాడు, నువ్వూ వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే అని భయమేసింది. ఒక ఏడాది ఆగుదాం అనుకున్నాను. ఇంకో ఏడాది అనుకున్నాను. తర్వాత వాళ్లే రావడం మానేశారు."

ఝాన్సీ గొంతు లేచింది. వీధి చివరి దాకా వినపడింది. "ఊళ్లో ప్రతి ఆడపిల్ల పెళ్లికీ నన్ను తోలావు కదమ్మా! వెళ్లవే, నువ్వయితే బాగా చేస్తావు అని పొద్దున్నే కాఫీ ఇచ్చి పంపేదానివి. వాళ్లని పీటల మీద కూర్చోబెట్టి ఇంటికొస్తే, అలిసిపోయావా తల్లీ అని కాళ్లు పట్టేదానివి. అప్పుడు కూడా చెప్పాలనిపించలేదా? నేను ఎవరికీ నచ్చలేదనుకున్నానే! ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. నల్లగా ఉన్నాననో, కోపిష్టిదాన్ననో, నన్ను అడిగినవాడే లేడనుకున్నాను!"

దేవమ్మ ఏడుస్తోంది. ఝాన్సీ ఊరుకోబెట్టలేదు. లోపలికి వెళ్లి అన్నం వండింది, చిక్కుడుకాయ కూర చేసింది, తల్లికి వడ్డించింది, తను తినకుండా పడుకుంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో మందుబిళ్లల మాటలు తప్ప వేరే మాటల్లేవు.

ఆ గొడవ జరిగిన మర్నాడే జీవన్ కుమార్ కృత్తివెన్ను నుంచి వచ్చాడు. సంగతంతా విని, "పోనీయండి. పాస్టరుగారు అనుమతి తెప్పిస్తానన్నారు కదా. తేదీ పోకుండా ఉంటే చాలు," అన్నాడు.

"మీ పేరు చదివారు కాబట్టి మీకు చాలు."

"అది కాదండీ..."

"ఒక ఆదివారం పోయింది. ఇంక రెండే ఉన్నాయి, మూడు కుదరవు. తేదీ కావాలంటే ప్రకటన పోతుంది. ప్రకటన కావాలంటే ఈస్టరు దాకా ఆగాలి. తేదీ పోతే హాలు పోతుంది, వంటవాళ్లు పోతారు, మండుటెండల్లో చేసుకోవాలి. ఎండల్లో పెళ్లి పెట్టుకోవద్దని ఊరందరికీ చెప్పినదాన్ని, నాకు తెలీదా? అయినా సరే. నా పేరు గుళ్లో చదవాలి. మూడుసార్లూ చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పుకోవాలి. మీకు ఆగే ఓపిక లేకపోతే ఇప్పుడే చెప్పండి."

జీవన్ కుమార్ తలూపాడు. "అయితే మా గుళ్లో కూడా మళ్లీ మొదటి నుంచి చదివిస్తాను. రెండు చోట్లా ఒకే రోజు చదవాలి," అన్నాడు. ఆదివారం తర్వాత ఆవిడ సరిగ్గా అన్నం తిన్నది ఆ పూటే.

ఈస్టరు వెళ్లిన ఆదివారం ప్రకటన చదివారు. జకరయ్యగారి కుమార్తె ఝాన్సీ. పాస్టరుగారు ఆ పేరు దగ్గర కొంచెం గట్టిగానే చదివారు. వెనక బెంచీల్లో గుసగుస లేచింది. ఝాన్సీ తల తిప్పి గుసగుస వచ్చిన వైపే చూస్తూ కూర్చుంది, అది ఆగేదాకా.

రెండో ఆదివారం పొద్దున్నే దేవమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని వరండాలో నిలబడింది. ఝాన్సీ ఏమీ అడగకుండా ఆటో పిలిచింది. ప్రకటనయ్యింది. ఆరాధన ముగిశాక అందరూ ఆవరణలోకి వచ్చారు. వేపచెట్టు నీడలో సత్యవతమ్మ ఎదురైంది. సంఘంలో ఎవరింటి సంగతైనా నలుగురిలో అడిగే హక్కు తనకుందనుకునే మనిషి.

"వందనాలు దేవమ్మా. సంతోషమే. అయినా ఇన్నాళ్లూ ఏం చేశావే? పిల్లకి నడి వయసు దాటేదాకా కళ్లు తెరవలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి వింటున్నారు. ఝాన్సీ నోరు తెరవబోయింది. దేవమ్మ కర్ర నేల మీద ఆనించింది.

"సంబంధాలు వచ్చాయి వదినా. ఒకటి కాదు, మూడుసార్లు. నేనే తిప్పిపంపాను. నాకు తోడుంటుందని దాన్ని ఇంట్లో ఉంచుకున్నాను. దానికి చెప్పను కూడా చెప్పలేదు. తప్పు నాది. ఇంకేమన్నా అడుగుతావా?"

సత్యవతమ్మ కొంగు సర్దుకుంది. మెల్లగా పక్కకి తప్పుకుంది. ఆవరణంతా వినపడేలా తల్లి ఆ మాట చెబుతుందని ఝాన్సీ అనుకోలేదు. కోపం తగ్గలేదు. కానీ మెట్ల దగ్గర గుంపులో కలిసిపోయిన తల్లి చెప్పులు వెతికి తెచ్చి ఆవిడ కాళ్ల ముందు పెట్టింది. 

పెళ్లి నాడు బందరులో నిప్పులు చెరిగే ఎండ. పాత హాలు దొరకలేదు, దొరికినదాంట్లో ఫ్యాన్లు తక్కువ. గుళ్లో ఆరాధన బాగానే జరిగింది. పెళ్లికూతుర్ని తీసుకొచ్చి ఇవ్వడం తమ్ముడి వంతని పెద్దలన్నారు. "నన్ను ఎవరూ ఇవ్వక్కర్లేదు. నేనే వస్తాను," అంది ఝాన్సీ. ఒక్కతే వచ్చింది, తెల్ల పట్టుచీరలో, ముసుగుతో, చేతిలో పూలతో, తొందర లేకుండా, రెండు పక్కల బెంచీలనీ చూసుకుంటూ. శామ్యూల్ రాజ్ మూడో వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన ప్రీతి మాత్రం ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది.

హాల్లో భోజనాలు మొదలవగానే కరెంటు పోయింది. జనరేటరు కాసేపు దగ్గి ఊరుకుంది. జనం విస్తరి ముందే చెమటలు కక్కారు. స్టేజీ మీద కుర్చీలోంచి పెళ్లికూతురు ఫోన్ అందుకుని లైన్‌మన్‌కి చేసింది. "ఏసుపాదం, నేను ఝాన్సీని. ఆ, పెళ్లికూతుర్నే. నువ్వు ఇక్కడ బిర్యానీ తింటున్నావని నాకు తెలుసు, మూడో బల్ల దగ్గర కనపడుతున్నావు. చెయ్యి కడుక్కుని లే!" హాలంతా గొల్లుమంది. జీవన్ కుమార్ కోటు విప్పి కుర్చీకి తగిలించి మంచినీళ్ల జగ్గు అందుకున్నాడు. ఎవరెంత చెప్పినా కూర్చోలేదు.

ఇప్పుడు ఝాన్సీ రోజూ కృత్తివెన్ను నుంచి బందరు ఆఫీసుకి వస్తుంది. బంటుమిల్లి దాటేదాకా బస్సులో నిద్రపోతుంది. దేవమ్మ కింది గదిలో ఉంటుంది, అల్లుడితో కబుర్లు బాగానే సాగుతాయి. కూతురికి మాత్రం ఉన్నట్టుండి కోపమొస్తుంది. కూర తరుగుతూనో, బట్టలు మడతేస్తూనో, "ఆ పోస్టాఫీసతను ఎలా ఉండేవాడు?" అని అడుగుతుంది. దేవమ్మ జవాబు చెప్పేవరకూ వదలదు. చెబితే ఇంకా కోపమొస్తుంది. అది తగ్గాలని ఎవరూ ఆవిడకి సలహా ఇవ్వరు. ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు.

ఝాన్సీ పెళ్లయ్యాక చాలా నెలలకి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ప్రీతికి సంబంధం ఖాయమైంది. కైకలూరు వాళ్లు. డిసెంబరులో అనుకుంటున్నాం. హాలూ అవీ నువ్వే చూడాలి."

"ప్రీతి ఏమంటోంది?"

"అదేమంటుంది? దాని పరీక్ష ఏదో అప్పుడే ఉందంది. వచ్చే ఏడాది రాసుకోవచ్చులే అన్నాం."

"అది సరేనందా?"

శామ్యూల్ రాజ్ తడబడ్డాడు. "అంటే... ఇంకా ఏమీ అనలేదు."

"దానికి ఫోనివ్వు."

"స్నానానికెళ్లింది అక్కా. నేను కనుక్కుని చెప్తాలే."

"నువ్వు కనుక్కోవద్దు. అది వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను," అంది ఝాన్సీ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.